ఫోన్ ఎత్తినాయన మాట

"రెండేండ్ల కింద ఏం లేదన్నరు గదా, మల్ల గిదేంది?" అన్నాడు మా ఆయన సురేందర్, నేను టిఫిన్ డబ్బా మూత బిగిస్తుంటే. ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డ తగులుతోందని చెప్పడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఆ మాట తీసెయ్యడానికి ఆయనకు చెప్పులు వేసుకునేంతసేపు చాలింది. "పసుపు సీజన్ అయిపోనీ, సూద్దాం" అని నిజామాబాద్ మార్కెట్ యార్డుకు వెళ్లిపోయాడు. "నౌకరీ జేసే ఆడోళ్లకు లేని రోగం ఉండదు" అంది అత్త లోపలి నుంచి. నేను బోధన్ బస్సెక్కాను.

అక్కడి ఆరోగ్య శాఖ ఆఫీసులో నా పని కూడా గడ్డల గురించి అడగడమే, నవ్వొస్తుంది. రెండేళ్ల కిందటి రొమ్ము క్యాన్సర్ శిబిరంలో ఏమీ లేదని తేలినవాళ్లకు ఫోన్ చేసి, ఇప్పటికీ బాగుంటే పేరు పక్కన 'సరైన నెగటివ్' అని, అంటే అప్పటి ఫలితం నిజమేనని రాయాలి. అలా రాస్తే మళ్లీ పరీక్షకు పిలవరు. శిబిరంలో నంబరు అడిగితే ఆడవాళ్లమంతా మొగుడి నంబరే చెప్పాం. చదువుకున్నదాన్ని, నేనూ అంతే.

వర్ని ఊరి భీమవ్వకు ఫోన్ చేస్తే భర్త భూమన్న ఎత్తాడు. "మంచిగనే ఉన్నది మేడం, బీడీలు జేస్తున్నది." వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. "ఎవలు, దవాఖానోళ్లా? జర ఇటియ్యి." ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మా ఆఫీసర్ శ్రీధర్ సార్‌కు చెప్పాను. "భర్త చెప్పిండు గదమ్మా. రాయుండ్రి" అన్నాడు. రాశాను. ఆమె ఏం చెప్పాలనుకుందో అన్న దిగులు మాత్రం పోలేదు.

మధ్యాహ్నం తర్వాత నా పేరే వచ్చింది. గంగామణి, భర్త సురేందర్. మా జిల్లాలో గంగామణులకు కొదవ లేదు, సార్‌కు అనుమానం రాలేదు. ఏమంటాడో విందామని ఆఫీసు ఫోన్‌లోంచే చేశాను. యార్డు గోలలో, "హలో, ఎవలు?" అన్నాడు. రోజుకు ముప్పైసార్లు చెప్పే మాటలే చెప్పాను. "గంగామణి గారి ఆరోగ్యం ఎట్లుందండి? గడ్డలాంటిదేమైనా..."

"ఏం లేదు మేడం, మంచిగనే ఉన్నది" అని పెట్టేశాడు. పదిహేనేళ్ల కాపురం. నా గొంతు గుర్తుపట్టలేదు.

"ఏమన్నరమ్మా?" అన్నాడు సార్.

"మంచిగనే ఉందట."

"రాయుండ్రి మరి."

జాబితాలో వెనక్కి వెళ్లాను. భీమవ్వ పక్కన రాసింది కొట్టేశాను. ఆమె పేరు పక్కన, నా పేరు పక్కన ఒకటే మాట రాశాను. ఆ మాటకు ఫారంలో చోటు లేదు. సాయంత్రం సార్ చూసి కొట్టేస్తాడని తెలుసు, నేను ఆపలేనని కూడా తెలుసు.

'ఆమెను ఎవరూ అడగలేదు.'