మూడు గళ్ల మాట

నల్లబల్ల మీద పదహారో గీత దగ్గర గ్రంథాలయం బంట్రోతు చెయ్యి దించుకున్నాడు. ఎడమ భుజం పొద్దున్నుంచీ లాగుతోంది. తలగడ కుదరలేదేమోననుకుని పదిహేడో గీత గీశాడు.

గ్రంథాలయం పత్రిక మీద ఎవరూ పెన్సిలు పెట్టకూడదు. అందుకే ప్రతి ఆదివారం గళ్లనుడికట్టును నల్లబల్ల మీదికి ఎక్కించడం ముప్పై ఒక్క ఏళ్లుగా అతని పని. గళ్లు గీసేదీ, మాట రాసేదీ అతను. మాట చెప్పేది ఎదురుగా కూర్చునే ముగ్గురు: రిటైరైన హెడ్మిస్ట్రెసమ్మ, తంతి ఆఫీసు గుమస్తా, కాంపౌండరు. ఒక్క మాట, ఒక్క ఆదివారం, తన నోటితో చెప్పాలని అతనికి ఉండేది. కొత్తలో ఒకసారి నోరు విప్పితే అప్పటి అధికారి "నీకెందుకయ్యా" అన్నాడు. అధికారి పోయినా ఆ మాట పోలేదు.

ఈ వారం శీర్షిక 'మన చిన్ననాటి వస్తువులు'. ముగ్గురూ చిన్నపిల్లలైపోయారు.

"లాంతరు రాయవయ్యా," అంది హెడ్మిస్ట్రెసమ్మ. "చిన్న చెయ్యి పడుతుందని చిమ్నీ నాచేతే తుడిపించేవాడు మా నాన్న."

"ఆ కోపమంతా మా పిల్లల మీద తీర్చుకున్నారన్నమాట," అన్నాడు గుమస్తా.

"మీవాణ్ణి గట్టెక్కించింది ఎవరనుకున్నారు?"

నిలువు తొమ్మిది దగ్గర అందరూ ఆగిపోయారు. గోనెసంచులు కుట్టే పెద్ద సూది, మూడు గళ్లు.

"నాలిక చివరే ఉందండీ," అన్నాడు కాంపౌండరు. "ఇన్ని వేల సూదులు పొడిచాను, దీని పేరే రావట్లేదు."

"పొడిపించుకున్నవాళ్లని అడగండి, మర్చిపోయి ఉండరు," అన్నాడు గుమస్తా.

బంట్రోతు సుద్దముక్క నలుపుతూ నిలబడ్డాడు. నెలాఖరున పాత పత్రికలన్నీ దొంతర పెట్టి ఆ సూదితోనే కుట్టేవాడు. భార్య ఉన్నన్నాళ్లూ దారం ఎక్కించి ఇచ్చేది. ఆమె పోయాక కుట్టడం కన్నా దారం ఎక్కించుకోవడానికే ఎక్కువసేపు పట్టేది.

"దబ్బనం అండీ," అన్నాడు, నల్లబల్లతో చెబుతున్నట్టు.

ముగ్గురూ తలలు తిప్పారు.

"ఇన్నేళ్లూ నోరు కుట్టేసుకున్నావా?" అంది హెడ్మిస్ట్రెసమ్మ. "ఇంకా ఎన్ని తెలుసు నీకు?"

"ఎప్పుడైనా ఒకటీ అరా తెలుస్తాయమ్మా."

"అది రాసేసి ఇటొచ్చి కూర్చో. మిగతావి నేను రాస్తాలే."

కాంపౌండరు లేచి పక్కగదిలోంచి కుర్చీ తెచ్చి తన పక్కనే వేశాడు. బంట్రోతు మూడు గళ్లూ నింపాడు. చివరి అక్షరం కాస్త కిందికి జారింది. కుర్చీ వీపు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. నల్లబల్లను అలా ఎదురుగా కూర్చుని చూడటం అతనికి అదే మొదలు. గీతలు వంకర లేకుండా వచ్చాయి.

హెడ్మిస్ట్రెసమ్మ అడ్డం పదిహేను చదివింది. గుమస్తా ఏదో చెప్పాడు. కాంపౌండరు కాదన్నాడు.

"నువ్వేమంటావయ్యా?"

హెడ్మిస్ట్రెసమ్మ బంట్రోతు వైపు తిరిగింది. అతని గడ్డం రొమ్ముకు ఆనుకుని ఉంది. కాంపౌండరు మణికట్టు పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఆ చేతిని తీసి, నిద్రపోతున్నవాడి చెయ్యిలాగా, అతని ఒళ్లోనే పెట్టాడు.

అంబులెన్సు వెళ్లాక ముగ్గురూ గదిలో నిలబడే ఉన్నారు. గుమస్తా కుర్చీని పక్కగదిలో పెట్టబోయి, ఉన్నచోటే వదిలేశాడు. దాని నల్లటి వీపు మీద నాలుగు వేళ్ల ముద్రలు, సుద్దతో, తెల్లగా పడి ఉన్నాయి.