సీటుకొక మనిషి

సరుకుల వ్యాన్‌ను ఇల్లుగా మార్చాలనుకునేవారు ముందుగా తెలుసుకోవలసింది, దాని లోపల ఎక్కడా తిన్నని గీత ఉండదని. బయటి నుంచి పెట్టెలా కనిపిస్తుంది. లోపల కొలబద్ద పెట్టి చూస్తే గోడ వంగి ఉంటుంది, నేల వెనక తలుపు వైపు కొద్దిగా వాలి ఉంటుంది, కుడిపక్కకూ ఎడమపక్కకూ వేలిమందం తేడా ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లోని పటాలను అచ్చుకు ముందు సరిచూడటం నా ఉద్యోగం. గుండ్రటి భూమిని చదునైన కాగితం మీదికి దించేటప్పుడు ఎన్ని రాజీలు పడాలో తెలిసినదాన్ని. అయినా మొదటి చెక్కపలకను తిన్నగానే కోయించి తెచ్చాను. గోడకు ఆనిస్తే పైనా కిందా తగిలి, మధ్యలో చెయ్యి దూరేంత సందు వదిలింది.

"ప్రపంచంలో దేశాలన్నిటినీ కాగితం మీద సర్దేస్తావు, ఒక్క పలక సర్దలేవా అక్కా?" అంది చెల్లెలు.

ఆ తరవాత అట్టముక్కలు గోడకు పట్టి, వంపుల ప్రకారం కత్తిరించి, వాటిని చెక్క మీద పెట్టి గీసుకోవడం నేర్చుకున్నాం. ఒక్కో పలకకు మూడు నాలుగు అట్టలు పాడయ్యేవి. ఇంటి వెనక ఖాళీ జాగాలో వ్యాన్ నిలబెట్టి, సెలవురోజులన్నీ దానిలోనే గడిపాం. రేకుకూ చెక్కకూ మధ్య, వేడి లోపలికి రాకుండా ఉన్ని కూరాం. కిటికీకి రంధ్రం కోసేటప్పుడు చెల్లెలు కళ్ళు మూసుకుంది, రంపం తన చేతిలోనే ఉంది.

వ్యాన్ తనది. హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో పంతొమ్మిదో ఏట మడతలు పెట్టే పనికి చేరి, తరవాత ఆ దుప్పట్లను ఇదే వ్యాన్‌లో చేరవేసే పనికి మారింది. లాండ్రీవాళ్ళు కొత్త బళ్ళు కొన్నప్పుడు పాతదాన్ని పరాయివాళ్ళకు పోనివ్వకుండా తనే కొనుక్కుంది. ఎంత కడిగినా, ఎన్ని రంగులు వేసినా, ఎండెక్కితే చాలు, వ్యాన్ సబ్బువాసన వేసేది.

"సముద్రం చూసొచ్చినవాళ్ళ దుప్పట్లలోంచి ఇసుక దులపడమే గానీ, ఆ ఇసుకలో ఒక్కసారైనా కాలు పెట్టానా?" అనేది. "నువ్వు మాత్రం? తీరరేఖలు దిద్దుతావు, ఎప్పుడైనా నీ పాదం తడిసిందా?"

తడవలేదు. అందుకే ఈ వ్యాన్. మొదటి ప్రయాణం సముద్రానికి. అక్కడ రాత్రి పడుకుని, పొద్దున్నే వెనక తలుపులు తెరవాలి. అంతకు మించిన ఆలోచన మా ఇద్దరికీ లేదు.

మడతలు పెట్టే పాత బల్లను చెల్లెలు లాండ్రీ నుంచి మోయించుకొచ్చింది. యంత్రాలు వచ్చాక దాన్ని గోడవతల పడేశారట. అరచేయి మందం ఉన్న గట్టి కర్ర. ఏళ్ళ తరబడి తడిబట్టలు రాసుకుని రాసుకుని దాని పైభాగం గాజులా నున్నబడింది.

"ఇంత బరువెందుకే? పల్చటి ప్లైవుడ్ చాలు కదా," అన్నాను.

"దీని ముందు నిలబడి నిలబడి నా కాళ్ళు వాచిపోయాయి. ఇక దీని ముందు కూర్చుని, కాళ్ళు బారజాపుకుని టీ తాగాలి. అప్పుడుగానీ నా కసి తీరదు."

బల్లను వ్యాన్‌కు సరిపడా కోయించి, నేలకు బోల్టులతో బిగించాం. నా పుస్తకాలకు ఒక అర, తన వంటసామానుకు ఒక అర. రెండో పాఠం అప్పుడే నేర్చుకున్నాం. బరువు ఒక్కసారిగా వచ్చిపడదు. స్క్రూ వెంట స్క్రూ, గిన్నె వెంట గిన్నె, చప్పుడు లేకుండా చేరుతుంది. పాత ఇనుము కొట్టు పక్కనున్న కాటా మీదికి వ్యాన్‌ను ఎక్కించి, ఇద్దరం లోపలే కూర్చున్నాం. రవాణా శాఖ తనిఖీలో అనుమతించే బరువుకన్నా యాభై కిలోలు ఎక్కువ.

"ఇద్దర్లో ఎవరు దిగుతారమ్మా?" అన్నాడు కాటా మనిషి, కిటికీలోంచి నవ్వుతూ.

"అక్క దిగదు బాబూ, పుస్తకాలతో సహా పాతుకుపోయింది," అంది చెల్లెలు. తను పొట్టి, బొద్దు. సీటును పూర్తిగా ముందుకు లాగితేగానీ కాళ్ళు అందేవి కావు. "నేనే తగ్గుతాలే. నా వంతు నేను తగ్గితే, మిగతాది అక్క పుస్తకాల్లోంచి కోసేద్దాం."

ముగ్గురం నవ్వాం.

కొన్నాళ్ళకు తన చేతిగడియారం మణికట్టు మీద నిలవకుండా మోచేతి వైపు జారడం మొదలైంది. కడుపులో మంట అంది. ఆ మంటకు డాక్టర్లు ఒక పేరు పెట్టారు. ఆ పేరును మేమిద్దరం ఇంట్లో ఎప్పుడూ పలకలేదు.

తనే నాకు లాండ్రీ వెనక జాగాలో బండి నడపడం నేర్పింది. ఇప్పుడు ఆస్పత్రికి తనను నేను తీసుకెళ్ళవలసి వచ్చింది. పక్కసీటులో కూర్చుని, దాన్ని ఎప్పటిలాగే పూర్తిగా ముందుకు లాక్కుని, దారిపొడవునా సతాయించేది.

"అక్కా, ఆ క్లచ్ నీకేం అపకారం చేసింది? మెల్లగా వదులు."

"నువ్వు మాట్లాడకుండా ఉంటే వదులుతాను."

"నేను మాట్లాడకపోతే నువ్వు రోడ్డు వదిలి తీరరేఖ వెంట పోతావు."

ఆస్పత్రిలో ప్రతిసారీ బరువు చూసేవారు. బయటికి వచ్చి సీటులో కూర్చోగానే తను చెప్పే మొదటి మాట, "ఇంకో మూడు కిలోలు బండికి కలిసొచ్చాయి."

"అట్లాంటి మాటలు మాట్లాడకు," అన్నాను ఒకసారి.

"మరెట్లాంటివి మాట్లాడమంటావు? డాక్టరుగారు మాట్లాడేవా? వాటికన్నా ఇవే నయం."

నిజమే, అవే నయం. క్రమంగా నేనూ అందులో చేరాను. ఎంత తగ్గిందో అడిగేదాన్ని, బండికి ఇంకెంత తగ్గాలో లెక్క చెప్పేదాన్ని. తను కరిగిపోవడానికి మేము కనిపెట్టిన ఒకే ఒక్క అర్థం అది. ఆ అర్థాన్ని ఇద్దరం చెరోవైపూ పట్టుకుని మోశాం. తను వ్యాన్ మెట్టు ఎక్కలేని స్థితికి వచ్చాక, వెంటనే బరువు తగ్గించి, తనిఖీ చేయించి ఎట్లాగైనా సముద్రానికి తీసుకెళ్ళాలని, బల్ల విప్పడానికి స్పానర్ పట్టుకుని బయల్దేరాను. మంచం మీద నుంచే ఆపింది.

"దాన్ని ముట్టుకోకు. నేను తగ్గుతున్నాగా."

ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం, కళ్ళు తెరవకుండానే అంది, "ఇక కాటా ఎక్కించక్కా. ఇప్పుడు సరిపోతుంది."

ఆ వారం దాటలేదు.

వ్యాన్‌ను ఇల్లుగా మార్చుకోవడానికి ఇచ్చిన తాత్కాలిక అనుమతి గడువు ముగియవచ్చింది. ఈలోగా తనిఖీలో నెగ్గకపోతే లోపల బిగించినవన్నీ పీకేసి మళ్ళీ సరుకుల బండిగా మార్చాలి. మంచం, అరలు, ఉన్ని, వంపు వంపునా కోసిన పలకలు అన్నీ. అందుకని ఒంటరిగా బయల్దేరాను. తనిఖీ ఆఫీసు వెనక సిమెంటు జాగాలో వాళ్ళ సొంత కాటా ఉంది. అధికారి చురుకైన మనిషి. చెవి మీద పెన్సిలు. తలుపులు, పొయ్యి, కిటికీ చూశాడు. పలకల అతుకుల మీద వేలు పోనిచ్చి, "ఎవరు చేశారు మేడమ్? బాగా కుదిరింది," అన్నాడు.

"నేనూ, మా చెల్లెలూ."

నన్ను దిగమని, మనుషులెవరూ లేకుండా వ్యాన్‌ను తూచాడు. అంకెకు ఏదో కలిపాడు. తల అడ్డంగా ఊపాడు.

"యాభై ఎక్కువుంది మేడమ్."

"అదెట్లా? అప్పుడూ యాభయ్యే. ఆ తరవాత..." ఆగాను. "ఇప్పుడు నేనొక్కదాన్నే కదా. నన్ను కూడా దింపేసే తూచారు."

"మనుషుల్ని తూయం మేడమ్. సీటుకొక మనిషి చొప్పున, మనిషికింత అని మేమే కలుపుకుంటాం. లావైనా సన్నమైనా అదే లెక్క."

"మనిషి బాగా... బాగా తగ్గిపోయినా?"

"ఎంత తగ్గినా." తన మాట నాకు నచ్చలేదనుకుని కాబోలు, గొంతు మెత్తబరిచాడు. "దీనికింత దిగులెందుకు? మీరొక్కరే అంటున్నారుగా. ఆ పక్కసీటు తీసేయండి. నాలుగు బోల్టులు. సీటు బరువు పోతుంది, మనిషి బరువూ పోతుంది. ఇప్పుడే సంతకం పెట్టేస్తా. అయినా ఎవరికోసం ఆ సీటు, సంచి పెట్టుకోవడానికా?"

నేను సీటు వైపు చూశాను. పూర్తిగా ముందుకు జరిగి, కొద్దిగా వెనక్కి వాలి, చివరిసారి దిగినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. ఆస్పత్రి గేటు దగ్గర మూడేసి కిలోలు చెప్పి నవ్విన మాటలన్నీ అందులోంచే వచ్చాయి. వాటిలో ఒక్క కిలో కూడా ఎవరి లెక్కలోకీ ఎక్కలేదు.

"తీయకపోతే?" అని అడిగాను.

"తీయకపోతే అందులో మనిషి ఉన్నట్టే మేడమ్."

"మనిషి లేకపోయినా?"

"లేకపోయినా. సీటున్నంతకాలం ఉన్నట్టే లెక్క."

ఆయన ఈ మాట రోజుకు ఎంతమందితో అంటాడో నాకు తెలియదు. నేను మాత్రం వ్యాన్ చాటుకు వెళ్ళి, వెనక చక్రాన్ని పరీక్షిస్తున్నట్టు చాలాసేపు వంగి నిలబడ్డాను.

తిరిగి వచ్చి, ముందు పుస్తకాలన్నీ దింపి సిమెంటు నేల మీద పేర్చాను. మళ్ళీ తూచాడు. ఇంకా ముప్ఫై ఎక్కువ. బల్ల తీయడం తప్ప వేరే దారి లేదని నాకు ముందే తెలుసు. పుస్తకాలను మళ్ళీ ఎక్కించుకుని లాండ్రీకి వెళ్ళాను. చెల్లెలితో కలిసి మడతలు పెట్టిన ఇద్దరు ఆడవాళ్ళు బయటికి వచ్చారు.

"అయ్యో, దీన్నెందుకమ్మా తీసేయడం?" అంది పెద్దావిడ, బల్ల మీద అరచేయి ఆనించి. "టీ తాగుతానని ఎంత గొప్పలు పోయిందో మా దగ్గర."

"బరువెక్కువైంది," అన్నాను. "ఇద్దరికీ, బల్లకూ కలిపి చాలలేదు."

ఆవిడ నా ముఖం చూసి, పక్కసీటు వైపు చూసి, బల్ల మీది నుంచి చెయ్యి తీసింది. బోల్టులు నేనే విప్పాను. చివరిది బిగుసుకుపోయి ఒక పట్టాన రాలేదు, చెల్లెలు బిగించినది. ముగ్గురం కలిసి బల్లను లోపలికి మోశాం. ఒకావిడ అలవాటుగా దాని మీద ఒక దుప్పటి పరిచి, అంచులు సవరించింది.

పుస్తకాలను ఇంట్లో దింపి, మర్నాడు మళ్ళీ కాటా ఎక్కించాను. సరిపోయింది. కాగితం మీద ఇద్దరు మనుషులు అని రాసి, అధికారి సంతకం పెట్టాడు.

సముద్రం చేరేసరికి సాయంత్రమైంది. ఇంజన్ ఆపి వెనక తలుపులు తెరిచాను. పటంలో ఈ తీరాన్ని నేను ఎన్నోసార్లు దిద్దాను, అలల చప్పుడు గురించి మాత్రం నాకేమీ తెలియదు. టీ కాచుకున్నాను. బల్ల ఉండవలసిన చోట నేలలో నాలుగు రంధ్రాలున్నాయి. గ్లాసు ఎక్కడ పెట్టాలో తోచక, చేత్తో పట్టుకునే ముందుకు నడిచి, పక్కసీటు తలుపు తీసి కూర్చున్నాను.

నేను పొడగరిని. మోకాళ్ళు ఎదుటి రేకుకు గట్టిగా ఒత్తుకున్నాయి. సీటును వెనక్కి జరిపే మీట చేతికి తగులుతూనే ఉంది. దాన్ని కదపలేదు.