పెరటి బండ మీద మడతలు

1946 వేసవిలో ఆదిశేషయ్య బెజవాడ కొండల రాళ్ళ మీద పరిశోధనకు వచ్చి, పటమటలో మేనత్త చౌడేశ్వరమ్మ ఇంట్లో దిగాడు. ఆమెది నేత ఇల్లు. వసారాలో మగ్గం, పెరట్లో రంగు బానలు.

రోజూ పొద్దున్నే సుత్తి పట్టుకుని కొండెక్కేవాడు. ఆ రాళ్ళు ఒకప్పుడు సముద్రం అడుగున మట్టి. భూమి లోతుల్లోకి దిగి, వేడికీ ఒత్తిడికీ రాయిగా మారి మడతలు పడ్డాయి. ఆ మడత ఒక్కసారే పడిందని అతని గురువు పాండురంగయ్యగారి మాట. కాదు, మళ్ళీ మళ్ళీ నలిగాయని శేషయ్య అనుమానం. రుజువు దొరికితే గదా! ఎండావానలకు పైభాగం తుప్పురంగు తేలి లోపలి చారల్ని కప్పేసింది. నెల తిరిగేసరికి అరచేతుల్లో బొబ్బలు మిగిలాయి.

ఒకనాడు పెరట్లో పళ్ళు తోముకుంటుంటే, మేనత్త నూలు ఉతకడానికి బండ మీద కడవెడు నీళ్ళు గుమ్మరించింది. పాతికేళ్ళ ఉతుకుడుకు నున్నబడ్డ రాయి తడవగానే నల్లచారలూ తెల్లచారలూ మిలమిలలాడాయి. శేషయ్య నోట్లో వేపపుల్ల అలాగే ఉండిపోయింది.

"అత్తా, ఆగాగు! ఉతకొద్దు!"

"ఏవైందిరా? తేలుందా?"

"తేలు కాదు. ఈ బండ ఎక్కడిది?"

"ఇల్లు కట్టేప్పుడు మీ మావయ్య తోలించాడు. నువ్వు రోజూ ఎక్కే కొండదే!"

శేషయ్య బండ పక్కన బోర్లా పడుకున్నాడు. ఒక నల్లచార జడపిన్నులా వెనక్కి మడిచి ఉంది. ఆ పిన్ను మొత్తం మళ్ళీ కొడవలిలా వంగింది. ముందు పిన్ను ఉంటేనే గదా అది వంగేది! కనుక మడతలు రెండు. వాటిని అడ్డంగా కోస్తూ ఒక సన్నని తెల్లగీత సాగిపోయింది. అది ఏ మడతలోనూ వంగలేదు కాబట్టి రెండింటి తర్వాత వచ్చిందే.

కార్డు రాస్తే నాలుగోనాటికి పాండురంగయ్యగారే రైలు దిగారు. పంచె ఎగ్గట్టి బండ దగ్గర గొంతుక్కూర్చున్నారు. ఆరినప్పుడల్లా చెంబుతో నీళ్ళు పోస్తూ గంటసేపు భూతద్దంలో చూశారు. చౌడేశ్వరమ్మ నూలు తట్టతో నిలబడే ఉంది.

"నిజమేనోయ్, నేనే పొరబడ్డాను. రెండు మడతలు, ఆపైన ఈ గీత. అంతటితో సరి," అన్నారాయన.

"సరి కాదండీ," అంది చౌడేశ్వరమ్మ.

ఇద్దరూ తలెత్తారు. ఆమె దోసెడు నీలిరంగు నీళ్ళు తెచ్చి బండ మీద చల్లి, గుడ్డతో తుడిచింది. వెంట్రుకంత చీలికలో నీలం నిలిచిపోయింది.

"ఈ చీలిక కాడ మీ తెల్లగీత తెగి, వేలెడు పక్కకి జరిగింది. నల్లచారా అంతే జరిగింది. గీతంటూ ఉంటేనే గదండీ తెగుద్ది!"

శేషయ్య ఎగిరి గంతేశాడు. "రాయికి మూడు దెబ్బలండీ, మాస్టారూ! లోతున వేడి మీద రెండుసార్లు వంగింది. చల్లబడ్డాక విరిగింది!"

పాండురంగయ్యగారు పకపకా నవ్వారు. "అమ్మా, ఈ బండ మా కాలేజీకి ఇప్పించండి."

"ఇచ్చి, నేనెక్కడ ఉతుక్కోనండీ? ఇంతటిది ఇంకోటి తెప్పించండి, ఇస్తాను."

మర్నాడు ఆమె కూడా కొండకు బయల్దేరింది. పాతికేళ్ళుగా దూరం నుంచి చూడడమే గాని ఎన్నడూ ఎక్కలేదు. ఇది గరుకు, అది వంకర అంటూ పైపైకి పోతూనే ఉంది. గురువుగారు ఆయాసపడి సగంలో కూలబడ్డారు. చివరికి ఆమె ఎంచిన రాయిని నలుగురు మనుషులు సాయంత్రానికి దింపారు.

పాత బండకు గోనెలు చుట్టి స్టేషనుకు బండెక్కించారు. చౌడేశ్వరమ్మ వీధి చివరిదాకా వెంట నడిచింది.

"మెల్లగా తోలు నాయనా! ఇప్పటికి మూడుసార్లయింది. నాలుగోది నీ వల్ల కాకూడదు."

బండివాడికేమీ అర్థం కాకపోయినా, ఎడ్లను అదిలించడం మానేశాడు.