చెమ్మ మీద తెల్లరంగు

పాపని బడిలో దింపి వచ్చేసరికి ఇల్లంతా రంగు వాసన. పరుగున పడకగదిలోకి వెళ్లాను. మామయ్య చొక్కా చేతులు పైకి మడిచి, బ్రష్షు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎనిమిది నెలలుగా పెరుగుతున్న చెమ్మ మచ్చ గోడ మీద లేదు.

"ఎలా ఉందమ్మాయ్?"

ఆ చెమ్మ మా తప్పేనంటుంది ఇల్లు కట్టిన కంపెనీ. గదిలో తడిబట్టలు ఆరేస్తున్నామట. గోడలో పైపు కారుతోందని నేను. ఇంటికి బీమా ఉంది. లోపం కట్టడంలోనే ఉందని బీమావాళ్లు రాస్తేనే గోడ బాగవుతుంది. వాళ్ల ఆఖరి తనిఖీ ఈ రోజే. వాళ్లు అలా రాయకపోతే పాప దగ్గుకుంటూ ఇంకో చలికాలం హాల్లోనే పడుకోవాలి.

"మామయ్యా, బీమా ఆవిడ చూడ్డానికి వచ్చేదే ఆ మచ్చని!"

"అయ్యో... వచ్చేవాళ్ల ముందు బాగోదని..."

అంతలో బెల్లు మోగింది. తనిఖీ ఆవిడతో పాటు కంపెనీ సూపర్‌వైజరూ వచ్చాడు. గోడ చూసి అతని ముఖం చాటంతయింది. "నే చెప్పలా మేడం? మచ్చా లేదు, మసీ లేదు."

ఆవిడ గోడని తాకింది. వేలికి తెల్లగా అంటింది. "ఎవరు వేశారిది?"

"నేనేనమ్మా. మా కోడలికి తెలీదు," మామయ్య ముందుకొచ్చారు.

"దాచడానికా?"

"దాచడానికే." ఆయన తలొంచుకున్నారు. "ఆ మచ్చ చూసి, ఈ ఇంటి కోడలికి శుభ్రం తెలీదనుకుంటారని. ఆఫీసుకి పరిగెత్తే ముందు కూడా ఆ గోడ తుడిచే వెళ్తుందమ్మా. తననెవరైనా ఒక్క మాటంటే నేను తట్టుకోలేను."

నవ్వబోయిన సూపర్‌వైజరు మానేశాడు. నా కోపం గొంతులోనే కరిగిపోయింది.

"కనబడనిది రాయలేను పెద్దాయనా," అంది ఆవిడ. కుర్చీ లాక్కుంది. "రంగు ఇంకా పచ్చిగానే ఉంది. పన్నెండింటిదాకా నాకు వేరే పని లేదు."

వంటింట్లోంచి రెండు అట్లకాడలు పట్టుకొచ్చాను.

"ఇటివ్వు. చేసింది నేనేగా."

"మీరు కూర్చుని కింద గీకండి. పైన నేను."

"నీకంటే నేనే పొడుగు."

"నడుం పట్టేసిందని నిన్న మూలిగిందెవరో!"

ఇద్దరం గీకుతుంటే రంగుతో పాటు సిమెంటు పూత కూడా తడి ఇసుకలా రాలింది. ఆవిడ లేచి, తడి కొలిచే మీటరు అక్కడ ఆనించింది. ఒకసారి, ఇంకోసారి.

"తడిబట్టల చెమ్మ ఇంత లోపలికి పోదు," అంది సూపర్‌వైజరుతో. "గోడ పగలగొట్టి పైపు చూడాలి. మీ మనుషులెప్పుడొస్తారు?"

అతను గొణుక్కుంటూ ఫోను తీశాడు.

"రంగు వేసిన సంగతి కూడా రాయక తప్పదు," ఆవిడ మామయ్య వైపు తిరిగింది. "కారణం ఏమని రాయమంటారు?"

"ఇంటి పరువని రాయమ్మా," అన్నారు మామయ్య.

రాసి, సంతకానికి కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన చేతులనిండా రంగు. నేను తడిగుడ్డతో ఒక్కో వేలూ తుడిచి, పెన్ను అందించాను.