గరడి గడప

పొద్దు నడినెత్తికి వచ్చింది. మునిరాజు ఇంకా ఉమ్ముతూనే ఉన్నాడు.

పెరట్లో ఎండకి కాలిన బండ మీద, రెండు కంబళ్ళు కప్పుకుని గొంతుక్కూర్చున్నాడు. నోట్లో చింతపండు ఉండ. ఒళ్ళో ఇత్తడి చెంబు. పులుపుకి ఊరిన ఉమ్మంతా అందులో వెయ్యాలి, చుక్క మింగకూడదు. పొద్దున ధారగా వచ్చేది. ఇప్పుడు జిగటగా సాగి పెదవికే వేలాడుతోంది. దాన్ని వేలితో తెంపి చెంబు అంచుకి రాస్తున్నాడు. వాడికి పదమూడేళ్ళు.

తల్లి భాగీరథమ్మ చెంబు వంక చూసింది. ఏడాదిగా ఆ చెంబుతోనే వాడికి పాలు పోసింది.

ఆమె మొగుడు నారాయణప్ప నగర్తపేటలో ఒకరి మగ్గం మీద పట్టు నేస్తాడు. వారానికి పద్దెనిమిది రూపాయలు. అందులోంచే బాదంపప్పు, నెయ్యి, రోజూ అరసేరు పాలు. అన్నీ మునిరాజుకే. వాడి చెల్లెలికి రాగిసంకటి, నీళ్ళచారు. పదిహేనేళ్ళ కిందట దసరా కుస్తీల్లో నారాయణప్ప వెల్లకిలా పడ్డాడు. ఆ పడినవాడు ఇంకా లేవలేదని భాగీరథమ్మకి తెలుసు. కొడుకు వీపు నిమురుతూ "నువ్వు గెలవాల" అన్నప్పుడల్లా అతను మాట్లాడేది కొడుకుతో కాదు.

ఈ సాయంత్రం గరడిలో, ఆ పేట సాముశాలలో, కుస్తీ, ఎనభై పౌండ్ల లోపు పిల్లలకి. గరడికి పెద్ద, చింతపండు మండీ శ్రీనివాసప్ప, కె.ఆర్.పురం వ్యాపారితో ఐదువందలు పందెం కాశాడు. మునిరాజు ఎనభై మూడు తూగాడు. పై తరగతిలో దింపితే ఓడతాడని గరడి వస్తాదు గోపాలప్ప భయం. ఏడాది పొడుగునా పెంచిన కండని రెండు రోజుల్లో ఎండగట్టమన్నాడు. రాత్రి విరేచనాలకి సునాముఖి కషాయం తాగించారు. తెల్లవారి గుండు గీయించారు. వెంట్రుకలు కూడా బరువేనట.

భాగీరథమ్మ కొంగు కిందనుంచి గ్లాసు తీసింది.

"ఒక్క గుక్క తాగు నాయనా. ఎవురూ చూడరు."

"తీసేయమ్మా. వాసన వస్తాంది."

"నీళ్ళకి వాసనేందిరా?"

"నాకు వస్తాది." గొంతు గీరుకుపోయింది వాడికి.

"మీ నాయన కొట్నాడా?"

"లేదమ్మా. ఇంకో కంబళి కప్పమని నేనే అడిగినా. ఓడితే నాయన అన్నం తినడు. పోయినసారి మూడు దినాలు తినలేదు గదా. నా పక్క చూడను గూడా చూడలేదు."

కొట్టి ఉంటే బాగుండుననిపించింది ఆమెకి. దెబ్బయితే కంటికి కనబడేది, నూనె రాసేది.

లోపలికి వెళుతూ ఒకసారి వెనక్కి చూసింది. దండెం మీద తడిచీర ఆరేసి ఉంది. మునిరాజు దాని అంచు నోట్లో పెట్టుకుని పీలుస్తున్నాడు. మరుక్షణం ఉలిక్కిపడి, పీల్చిందంతా చెంబులో ఉమ్మేసి, దొంగలా గుమ్మంవైపు చూశాడు.

అప్పుడే నారాయణప్ప, గోపాలప్ప వచ్చారు. వస్తాదు చెంబు ఎత్తి లోపలికి తొంగి చూశాడు.

"శభాష్! అరసేరుండాది. నీ కొడుకు గట్టోడప్పా నారాయణప్పా."

నారాయణప్ప ముఖం వెలిగింది. చెంబులో ఉన్నది కొడుకు ఉమ్మి కాదు, గెలిచినోడికిచ్చే వెండి గద అన్నట్టు చూశాడు. ఇద్దరూ వాణ్ణి చెరో చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయారు. వాడి కాళ్ళు తడబడుతున్నాయి.

భాగీరథమ్మ చెంబుని బూడిదతో తోమింది. మూడుసార్లు తోమింది. నిండా నీళ్ళు పట్టుకుని పక్కసందులోని గరడికి నడిచింది.

గడప దగ్గర ఆగిపోయింది. గరడిలోకి ఆడవాళ్ళు రాకూడదు. లోపల గోదాలోని ఎర్రమన్ను సంగతి మాత్రం ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పదేళ్ళుగా ఆ మన్ను జల్లెడ పట్టేది ఆమే. పసుపు, మజ్జిగ, నువ్వులనూనె గడప బయటినుంచే అందించేది. మన్ను మాగడానికి నెల పడుతుంది. ఆడది అడుగు పెట్టిందంటే మొత్తం తోడి పారబోసి, కొత్తది పోసి, ఆంజనేయస్వామికి శాంతి చేసేదాకా అక్కడ కుస్తీ లేదు. జల్లెడ పట్టిన చేతులకి లేని మైల కాళ్ళకి ఎక్కడినుంచి వచ్చిందో ఆమె ఎన్నడూ అడగలేదు.

గోదా పక్కన, చింతపండు బస్తాలు తూచే మండీ తక్కెడ దూలానికి వేలాడుతోంది. దాని పలక మీద మునిరాజు లంగోటీతో కూర్చున్నాడు. డొక్కలు ఎగసిపడుతున్నాయి.

"డెబ్బైతొమ్మిదిన్నర!" గోపాలప్ప తొడ చరిచాడు. "సరిపోయింది! దిగరా సింహం!"

సింహం దిగలేదు. పక్కకి ఒరిగి నేలమీద పడింది.

నారాయణప్ప వంగి చెంపలు తట్టాడు. "లేరా. అందురూ చూస్తాండారు. మానం తీయొద్దురా."

"నీళ్ళు తాపీయండి!" గడప దగ్గరినుంచి అరిచింది భాగీరథమ్మ.

"నీళ్ళు బేడమ్మా, వద్దు," వస్తాదు విసుక్కున్నాడు. "నాలుగింటికి కె.ఆర్.పురం వాళ్ళ ముందర ఇంకోసారి తూయాల. అంతవరకు నాలిక మీద తేనె రాస్తే సాకు, అంతే చాలు."

"బిడ్డ కండ్లు తెరవలేదు, తేనె రాస్తావా?"

"కొత్తలో అందురూ ఇట్లే పడతారు. నీ మొగుడు పడలేదా?"

"పడినాడు. పడినోడు ఇంకా లేయలేదు. అందుకే నా బిడ్డని తొక్కి లేస్తాండాడు."

ఎవరో కిసుక్కున నవ్వారు. నారాయణప్ప నల్లబడిపోయాడు. "ఒసే, ఇంటికి పో. మొగోళ్ళ పని ఇది."

భాగీరథమ్మ గడప చూసింది. పసుపు రాసింది ఆమే, పొద్దున. కొడుకు పడి ఉన్నది గోదాకి అవతల. చుట్టూ తిరిగి పోవడానికి దారి ఉంది. ఆమె చుట్టూ తిరగలేదు.

గడప దాటి తిన్నగా మన్నులోకి దిగింది. మెత్తగా, చల్లగా, మడమల దాకా కూరుకుంది. ఒక్కో అడుగూ ఆనించి వేసింది.

"అయ్యయ్యో, పోయింది! పందెం పోయింది!" గోపాలప్ప తల పట్టుకున్నాడు. నారాయణప్ప ఆమెని పట్టుకోడానికి ఉరికి, కాళ్ళకి చెప్పులున్నాయని గుర్తొచ్చి గోదా అంచునే నిలిచిపోయాడు. అప్పుడు కూడా అతనికి చెప్పులు గుర్తొచ్చాయి.

ఆమె అవతలికి చేరి, కొడుకు తల ఒళ్ళోకి తీసుకుని, ముఖం మీద నీళ్ళు చల్లింది. మునిరాజు కళ్ళు తెరిచాడు. మన్నులో తల్లి అడుగులు చూశాడు. ఏం జరిగిందో అర్థమై వాడి మూతి వంకరలు పోయింది. ఏడుపు వచ్చింది కానీ కన్నీళ్ళు రాలేదు. ఒంట్లో తడి లేదు.

"తాగు," అందామె.

చెంబు అంచు వాడి పెదవులకి తగులుతోంది. మునిరాజు నీళ్ళవైపు చూడలేదు. గోదా అంచున నిలబడిన తండ్రి ముఖం వైపు చూస్తున్నాడు.