తిప్పిన పలక

జపాన్‌లో సెతో సముద్రపు ఒడ్డున ఉన్న ఆ పడవల క్లబ్బులో దేనికి లోటున్నా మర్యాదలకు లోటు లేదు. ఒడ్డుకొచ్చే పడవ తాడును గట్టు మీద ఎవరుంటే వాళ్లు అందుకోవాలి. ఎదురొచ్చిన పడవకు తల వంచాలి. పడని మనిషైనా సరే, ముందు తల వంచి, దాటిపోయాకే తిట్టుకోవాలి. షెడ్డు గోడకు సభ్యుల పేర్లున్న చెక్కపలకలు వేలాడుతుంటాయి, ఒకవైపు పేరు నల్లగా, రెండోవైపు ఎర్రగా. నీటి మీదికి వెళ్లేవాళ్లు ఎరుపుకి తిప్పి వెళ్తారు, తిరిగొచ్చి నలుపుకి తిప్పుతారు. తెరచాప మోస్తూ చేతులు ఖాళీ లేనివాళ్ల పలకను పక్కవాళ్లు తిప్పిపెట్టడం మర్యాద. అందుకు థాంక్స్ చెప్పడం ఇంకో మర్యాద. సాయంత్రం ఆఖరున వెళ్లే మనిషి గోడ చూస్తాడు. ఎరుపు కనిపిస్తే మోటారు పడవ వెతకడానికి బయల్దేరుతుంది.

ఆ క్లబ్బు అరవయ్యేళ్ల చరిత్ర రాసే పని తజుకోకు అప్పజెప్పారు. ఆమెకు యాభై నాలుగేళ్లు. ఒప్పుకున్నది ఒకే ఒక్క వాక్యం కోసం. నలభై మూడేళ్ల కిందట, అక్టోబరు గాలివానలో ఆమె అన్న ఇసావో తిరిగి రాలేదు. గోడ మీద అతని పేరు నల్లగా ఉంది కాబట్టి ఎవరూ వెతకలేదు. పలక తిప్పకుండా వెళ్లాడు, అజాగ్రత్త మనిషి అని క్లబ్బు తేల్చేసింది. అందరికీ ఇబ్బంది కలిగించినందుకు క్షమించమని వాళ్లమ్మ ఇరవై మూడు మంది సభ్యుల గుమ్మాల్లో మిఠాయి పెట్టె ఇచ్చి నడుం వంచింది. ఆ పెట్టెలు మోసింది పదకొండేళ్ల తజుకో. అన్న పలకను ఎరుపుకి తిప్పడం ఆ పిల్ల కళ్లారా చూసింది. చెప్పబోతే అమ్మే నోరు మూయించింది.

అప్పటి ప్రెసిడెంటు ఉరాబెకు ఇప్పుడు ఎనభై ఆరు. పాత ఫొటోల కోసమని వెళ్లి, తజుకో అసలు మాట ఎత్తింది.

“అన్నయ్య పలక తిప్పాడండీ. నేను చూశాను.”

ఉరాబె టీ కప్పు కింద పెట్టాడు. “తెలుసమ్మా. మళ్లీ నలుపుకి తిప్పింది నేనే.”

“మీరా?”

“దూరంగా నీలం చారల తెరచాప కనిపిస్తే మీవాడే అనుకున్నా. పాపం, వచ్చేసరికి చేతులు ఖాళీ ఉండవు కదా అని ముందే తిప్పేశా. తీరా వచ్చింది ఇంకొకడు.”

“ఇంకెవరికైనా తెలుసా?”

“ఇద్దరు ముగ్గురు చూశారు. ప్రెసిడెంటు మొహం మీద ఎవరంటారు చెప్పు? మర్యాదగా ఉండదు కదా.”

“మా అమ్మ మీ గుమ్మంలో కూడా వంగింది.”

“వంగింది. మిఠాయి తీసుకోకపోతే ఆవిడ నొచ్చుకుంటుందని తీసుకున్నా.”

“తిన్నారా?”

“పిల్లలు తిన్నారు. రాసెయ్యమ్మా. నాకిక దాచుకునేదేముంది.”

తజుకో టీకి థాంక్స్ చెప్పే లేచింది. ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు రాసి కమిటీకి పంపింది.

పుస్తకం అచ్చయి వచ్చింది. ఆ పేజీలో ఇలా ఉంది: “పలక తిప్పకుండా వెళ్లిన ఒక సభ్యుడిని ఆ గాలివానలో పోగొట్టుకున్నాం.”

“చాలా బాగా రాశారండీ,” అన్నాడు కమిటీ పెద్ద. “కాకపోతే పండగ పుస్తకం కదా. ఉరాబె గారు ముందు వరసలో కూర్చుంటారు. అందుకే పాత మాటే ఉంచాం. మీ అన్నగారి పేరు మాత్రం తీసేశాం లెండి, మీ గౌరవం కోసం.”

వేడుక రోజు మధ్యాహ్నం అందరూ ఆమెకు వంగి వంగి నమస్కరించారు. ఆమె కూడా వంగింది. ఇంతమంది మర్యాదస్తుల్లో ఒక్క మనిషీ లేకపోయాడే అని ఏడుపొచ్చింది. ఎవరికంటా పడకుండా షెడ్డులోకి నడిచింది.

ఆ క్లబ్బులో పోయినవాళ్ల పలకలు కూడా తీయరు. కింది వరసలో ఇసావో పేరు నల్లగానే ఉంది. తజుకో దాన్ని ఎరుపుకి తిప్పింది. ఇవాళ సాయంత్రమైనా ఒకరు గోడ చూసి, ఈ ఇసావో ఎవరు, ఇంకా రాలేదేమని అడగాలి. అదొక్కటే ఆమె కోరిక.

గుమ్మం దగ్గర వంగి బూట్లు వేసుకుంటుంటే వెనక టక్కుమని చెక్క శబ్దం వినిపించింది. ఈ ఏడే చేరిన ఒకావిడ గోడ దగ్గర నవ్వుతూ నిలబడి ఉంది.

“మీవాళ్లదాండీ? తిప్పడం మర్చిపోయినట్టున్నారు. పడవలన్నీ వచ్చేశాయి కదా, నేనే తిప్పేశా.”

తజుకో నడుం దానంతటదే వంగింది.

“థాంక్సండీ,” అంది.