నలుగురు పట్టే ఆకాశం

పెట్టె మీది బొమ్మ చూసి బోర్డు ఆట కొనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. రాకెట్టు బాగుందనో, గ్రహం ఎర్రగా మెరుస్తోందనో పెట్టె చంకన పెట్టుకుని వచ్చేస్తారు. తీరా విప్పితే ముగ్గురే ఆడాలి, వచ్చినవాళ్లేమో అయిదుగురు. పెట్టె పక్కన ఎంతమంది ఆడవచ్చో చెప్పే అంకె ఒకటి ఉంటుంది. ముందు చూడాల్సింది దాన్ని. పద్నాలుగేళ్లుగా మా గుంపుకి ఆటలు ఎంచేది నేనే కాబట్టి అలాంటి తెలివితక్కువ పని ఒక్కసారీ జరగలేదు.

మేం అయిదుగురం దేజన్‌లో చదువుకునే రోజుల్లో నక్షత్రాలు చూసే సంఘంలో కలిశాం. ఇప్పుడు దుర్భిణి ముట్టుకునే తీరిక ఎవరికీ లేదు. అందుకే నెలనెలా రెండో శనివారం మధ్యాహ్నం, కల్‌గుక్సు నూడుల్స్ కొట్టు మీదున్న ఆటల గదిలో చేరతాం. అంతరిక్షం ఆటలు తప్ప మరొకటి ఆడం. మంచివన్నీ జర్మనీ నుంచే రావాలి. పంపుల కంపెనీలో జర్మన్ కాగితాలు తర్జుమా చేసే ఉద్యోగం నాది. ఆట రాగానే ప్రతి కార్డు ముక్క మీదా మా కొరియన్ భాషలో చీటీ అతికించి, నియమాల పుస్తకం మళ్లీ రాసి తీసుకెళ్లేది నేనే. నెలలో మిగతా రోజులన్నీ నాతో మాట్లాడేది పంపులే. ఆ ఒక్క శనివారం లేకపోతే నాకు మనుషులు లేరు. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

గుంపులో అందరికన్నా పెద్దవాడు గీహో అన్న. ఒకరోజు ఫోన్ చేశాడు.

"మిరాన్, ఈసారి నలుగురు ఆడే ఆట చూడమ్మా."

"నలుగురేంటన్నా? మనం అయిదుగురం కదా."

"నలుగురైతే చకచకా అయిపోతుంది."

"అర్థమైందిలే, దొక్సూ గురించేగా? నాకూ విసుగొచ్చేసింది. వాడు ముక్క వేసేలోపు శని గ్రహం దాకా పోయి రావచ్చు."

అవతల కాసేపు మాట లేదు. "సరే, నువ్వే చూడు మరి" అని పెట్టేశాడు. మౌనం అర్ధాంగీకారం అంటారు. నేను మాత్రం పూర్తి అంగీకారమే అనుకున్నాను. దొక్సూకి రావద్దని ఆయనే చెబుతాడనుకున్నాను.

దొక్సూ మాలో చిన్నవాడు, మంచివాడు. కానీ వాడి వంతు వచ్చిందంటే మేం కిందికెళ్లి బార్లీ టీ తాగి రావచ్చు. ముక్కను కళ్లద్దాలకు ఆనించుకుని, పరీక్ష పేపరు చదివినట్టు పైనుంచి కింది దాకా చదువుతాడు. చదివి తనలో తను నవ్వుకుంటాడు. అప్పుడు ఆలోచన మొదలుపెడతాడు.

మూడు ఆటలు చూశాను. అంగారకుడి మీద ఊరు కట్టేది ఆరుగురు ఆడవచ్చు. తోకచుక్కను పట్టేది అయిదుగురు ఆడవచ్చు. అది నాకు చాలా నచ్చింది, అయినా పక్కన పెట్టేశాను. శని వలయాల్లో మంచు తవ్వి ఓడలకెత్తే ఆట నలుగురికే. అంత ఆకాశాన్నీ పెట్టెలో కుక్కినవాడు అయిదో మనిషికి చోటు లేదన్నాడు. నాకు కావలసింది అదే కాబట్టి తెప్పించాను.

రెండువందల పన్నెండు ముక్కలు. మూడు వారాలు ఆఫీసు నుంచి వచ్చి చీటీలు కత్తిరించడం, అతికించడం, ప్లాస్టిక్ తొడుగులు వెయ్యడం. ప్రతి ముక్క అడుగునా సన్నటి అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది, ఆటకు దానితో పనిలేదు. జర్మన్ వాళ్ల వాక్యాలు చప్పగా ఉంటాయని నేను అక్కడ నా సొంతవి రాస్తాను. మంచు తవ్వేవాడి ముక్క మీద "అమ్మ ఫోన్ చేసింది: స్వెటర్ వేసుకున్నావా? బయట మైనస్ నూట ఎనభై" అని రాశాను. ఇలాంటివి ఎవరూ చదవరు, నాకు తెలుసు.

శనివారం పెట్టె మోసుకుని మెట్లెక్కాను. గీహో అన్న, గుంపులో మిగతా ఇద్దరు ఇన్సప్, హేరిమ్ బల్ల చుట్టూ కూర్చున్నారు. నాలుగో కుర్చీలో దొక్సూ.

"నువ్వూ వచ్చావా?" అన్నాను.

"రాకపోతే ఎలా అక్కా? రెండో శనివారం కదా!" అని నవ్వాడు.

గీహో అన్న వైపు చూశాను. ఆయన నా మొహం చూడలేదు, నా చేతిలోని పెట్టెను చూశాడు.

"మిరాన్, ఈసారి నువ్వు మాకు ఆట నేర్పితే చాలు. ముక్కలన్నీ నువ్వే రాశావు కదా, ఏ ముక్కలో ఏముందో నీకు ముందే తెలుసు. నువ్వూ ఆడితే మాకు అన్యాయం."

"పద్నాలుగేళ్లుగా నేనే రాస్తున్నాను. అన్యాయం ఇవాళ గుర్తొచ్చిందా అన్నా?"

ఇన్సప్ గోళ్లు చూసుకుంటున్నాడు. చివరికి హేరిమే నోరు విప్పింది.

"కోపం తెచ్చుకోకు అక్కా. నువ్వు కూర్చుంటే ఆటలా ఉండదు, పరీక్ష హాల్లా ఉంటుంది. పోయిన నెల నా రాకెట్టు ఒక్క గడి ముందుకు జరిగిందని అందరి ముందూ వెనక్కి పెట్టించావు."

"ఒక్క గడి కాదు, రెండు."

"చూశావా?" అంది హేరిమ్.

పెట్టె చంకన పెట్టుకుని దిగిపోవలసింది. దిగలేదు. బల్ల పక్కన నిలబడి, మంచు ఎలా తవ్వాలో, ఓడ ఎలా నడపాలో నలభై నిమిషాలు చెప్పాను. పౌరుషం ఎక్కడ పోయిందో నాకే తెలియదు. దొక్సూ ఒక్కడే తల ఊపుతూ విన్నాడు. చెప్పడం అవ్వగానే కోటు తీసుకున్నాను. ఎవరూ ఆగమనలేదు.

తలుపు దాకా వెళ్లానో లేదో గీహో అన్న పిలిచాడు. "మిరాన్, ఇంధనం లేని ఓడ వలయం దాటవచ్చా?"

దాటకూడదు. దాటితే ఆటంతా తలకిందులవుతుంది.

"దాటవచ్చు" అన్నాను. పద్నాలుగేళ్లలో నేను తప్పు చెప్పడం అదే మొదలు. ఆట గంగలో కలిస్తే కలవనీ అనుకున్నాను. గీహో అన్న ఓడను ముందుకు జరిపేశాడు.

"ఆగన్నా" అన్నాడు దొక్సూ. నియమాల పుస్తకం వాడి ఒళ్లో తెరిచి ఉంది. "దాటకూడదేమో. తొమ్మిదో పేజీలో అక్క అలా రాయలేదు."

"నీ చదువు మళ్లీ మొదలైందిరా బాబూ" అంది హేరిమ్.

"చదవకపోతే ఎలా అక్కా? ఇదిగో, ఈ స్వెటర్ ముక్క చూశారా మీరు? ప్రతి ఆటలోనూ మిరాన్ అక్క అడుగున ఇలాంటివి రాస్తుంది. వీటి కోసమే నాకు అంతసేపు పట్టేది."

ఇన్సప్ తన చేతిలోని ముక్కను వింతగా తిప్పి చూశాడు. "అడుగున కూడా ఏదో రాసుంటుందా?"

తలుపు దగ్గర్నుంచి బల్ల దగ్గరికి తిరిగి వచ్చాను. "దొక్సూ చెప్పిందే సరి. ఓడను వెనక్కి పెట్టన్నా" అన్నాను.

నా గొంతులో ఏం విన్నాడో, దొక్సూ లేచి తన కుర్చీ నా వైపు జరిపాడు.

"నా చోట్లో కూర్చో అక్కా. నేను ఎలాగూ నెమ్మదే కదా. నీ వెనకాల నిలబడి ముక్కలు చదువుకుంటాను."

కోటు పక్కన పెట్టి కూర్చున్నాను. ఆ కుర్చీ వాడికి లేకుండా చెయ్యడానికే మూడు వారాలు కూర్చుని ఆ చీటీలు అతికించాను.